పుట్టిల్లు తల్లికి, పరదేశం పాపకు

ఈ వారం మీ ఉత్తరాలు కాస్త పక్కన పెట్టి మా ఊరి ప్రయాణం ఒకటి చెబుతాను. పైదేశాల నుంచి పసిబిడ్డను ఎత్తుకుని పండక్కి వచ్చే అమ్మాయిలూ, వాళ్ళ కోసం గుమ్మంలో ఎదురుచూసే అమ్మమ్మలూ, తాతయ్యలూ దీన్ని శ్రద్ధగా చదవాలి.

మా ఊరు కోనసీమలోని ముక్తేశ్వరం. కాకినాడ నుంచి ద్రాక్షారామం మీదుగా కోటిపల్లి రేవుకు చేరి, పంటు ఎక్కి గౌతమి దాటితే అవతలి ఒడ్డు మాదే. ఆమధ్య ఒక సంక్రాంతికి మా అమ్మాయి అమెరికా నుంచి అయిదు నెలల పాపతో వచ్చింది. పంటు మీద పాపను ఎత్తుకుని, "చూడమ్మా, మన గోదావరి! మన ఊరు వచ్చేశాం!" అని మురిసిపోయాను.

ఆ 'మన ఊరు' అన్నమాటలోనే ఉంది పొరపాటు. ఊరు నాది, మా అమ్మాయిది. పాపకు మాత్రం అది కొత్త దేశం. తను పుట్టినచోట ఆ నెలలో మంచు కురుస్తోంది. ఇక్కడి ఉక్క, దోమ, నీరు, మట్టి అన్నీ దానికి కొత్తవే. ముప్పై ఏళ్ళుగా ప్రభుత్వ ఆసుపత్రిలో పదిమందికీ చెబుతున్న నాకు ఆ రోజు ఈ సంగతి తట్టలేదు.

మర్నాడు మా అమ్మ పెరట్లో బొండాం దింపించింది. "ఎంత ఉక్కగా ఉందో! పాపకు నాలుగు చెంచాలు పడితే చలవ చేస్తుంది" అంది. మా అమ్మాయి నావైపు చూసింది. "ఏం ఫరవాలేదులే, మన చెట్టు బొండామే కదా" అన్నాను. ఆ రాత్రి నుంచే పాపకు నీళ్ళ విరేచనాలు. తెల్లారేసరికి ఏడుసార్లు అయ్యాయి.

బొండాంలోని నీరు శుభ్రమైనదే. కాని చెక్కిన కత్తి, వంచిన గ్లాసు, పట్టిన చేయి శుభ్రంగా ఉండాలి కదా! పైగా ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు తప్ప మరేదీ అక్కరలేదు. తల్లిపాలలో నూటికి 87 పాళ్ళకు పైగా నీరే. మండు వేసవిలో కూడా ఆ నీరు చాలు. ఉక్కగా ఉంటే మరో రెండుసార్లు పాలు పట్టండి. దాహం ఎక్కువైన తల్లి తను నీళ్ళు తాగాలి.

విరేచనాలు పట్టుకున్నాక పాలు మానకూడదు. మేమూ మానలేదు. ఓఆర్‌ఎస్ పొట్లం మీద రాసినట్టు లీటరు కాచి చల్లార్చిన నీటిలో మొత్తం పొట్లం ఒకేసారి కలపాలి. రెండేళ్ళలోపు బిడ్డకు విరేచనం అయినప్పుడల్లా 50 నుంచి 100 మిల్లీలీటర్లు చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. కలిపిన నీరు ఇరవైనాలుగు గంటలు దాటితే పారబొయ్యాలి. జింకు మందు ఆరు నెలల లోపువారికి రోజుకు 10 మిల్లీగ్రాములు, ఆ పైవారికి 20, పధ్నాలుగు రోజులు ఇస్తారు. బొండాం నీరు ఓఆర్‌ఎస్‌కు బదులు కాదు. అందులో ఉప్పు చాలినంత ఉండదు.

బిడ్డ మాడు గుంటపడినా, కళ్ళు లోతుకు పోయినా, నోరు ఎండినా, మూత్రం తగ్గినా, విరేచనంలో రక్తం కనిపించినా, పాలు తాగకుండా మగతగా పడి ఉన్నా చిట్కాలతో కాలం గడపకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. మూడు నెలల లోపు పసికందుకు 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా అంతే.

పాప మూడోనాటికి తేరుకుంది. అప్పుడు మా అమ్మ, "నువ్వు కాలవ నీళ్ళు తాగి పెరగలేదట్రా? నీకేమైంది?" అంది. నేను జవాబు చెప్పలేదు. కాసేపటికి ఆవిడే గొంతు తగ్గించి, "నీ ముందు ఇద్దరు దక్కలేదనుకో" అంది. ఆ ఇద్దరినీ తీసుకుపోయినవీ విరేచనాలే. బతికి బట్టకట్టినవాళ్ళం "మాకేమీ కాలేదు" అంటూ ఉంటాం. దక్కనివాళ్ళు వచ్చి చెప్పరు కదా!

విహారయాత్రకు వచ్చే విదేశీయులు సీసా నీళ్ళు, దోమల మందు, టీకాలు అన్నీ చూసుకుని బయలుదేరతారు. చుట్టపుచూపుగా సొంత ఊరికి వచ్చేవారు మన ఊరే కదా అని ఊరుకుంటారు. అందుకే టైఫాయిడ్, మలేరియా లాంటివి వీరికే ఎక్కువగా సోకుతున్నట్టు అక్కడి వైద్యులు గమనించారు.

కాబట్టి ప్రయాణానికి నెలా పదిహేను రోజుల ముందే అక్కడి పిల్లల డాక్టరును కలవండి. ఆరు నెలలు నిండిన బిడ్డకు తట్టు రాకుండా వేసే టీకా ప్రయాణం కోసం ముందుగా వేస్తారు. ఏడాది దాటాక వేయవలసిన రెండు మోతాదులూ మళ్ళీ మామూలే. వెళ్ళబోయే ప్రాంతాన్ని బట్టి మలేరియా మందు కావాలో అక్కరలేదో కూడా వారే చెబుతారు. విమానం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పాలు పడితే బిడ్డకు చెవిపోటు తగ్గుతుంది.

ఊరు చేరాక దోమతెర రాత్రికే కాదు, పగటి నిద్రకూ కట్టండి. డెంగ్యూ దోమ కుట్టేది పగలే. రెండు నెలల లోపు బిడ్డకు దోమల మందు పూయకూడదు. పోతపాలు తప్పనిసరైతే సీసా కన్నా మన ఉగ్గుగిన్నె మేలు, మూలల్లో మురికి నిలవదు. ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దు. కాటుక పెట్టవద్దు. దగ్గు, జలుబు ఉన్నవారు బిడ్డను ముద్దాడవద్దు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభలు చూడాలని మీకు ఉంటుంది. వెళ్ళిరండి, పసిబిడ్డను మాత్రం ఆ జనంలోకి తీసుకుపోకండి. పాకే వయసు బిడ్డ ఉంటే పెరటి తలుపు గడియ మరిచిపోకండి. కోనసీమలో చాలా ఇళ్ళకు కాలవో చెరువో పక్కనే ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో పంటు మీద మా అమ్మ పాపను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కనున్నావిడ ఏదో తినిపించబోతే, "వద్దమ్మా, ఆరో నెల నిండలేదు" అని చెయ్యి అడ్డం పెట్టింది. నేను చెప్పాల్సిన మాట ఆవిడే చెప్పింది.