ఒకరు తొడిగి విడిచిన కోటు

మా నర్సింహులపేట వైపు పాత బట్టలంటే స్టీలు గిన్నెలకు మార్చుకొనే సరుకే. ఒకరు విడిచినది డబ్బిచ్చి కొని తొడుక్కోవడం నామోషీ. అందుకే చలికాలంలో షికాగోలోని బంధువులు మమ్మును గుడ్‌విల్ అనే పాతబట్టల దుకాణానికి తీసికొని వెళ్ళినపుడు మా దంపతులకు గుమ్మం దగ్గర అడుగు పడలేదు.

లోపల కోట్లు, స్వెట్టర్లు సైజుల ప్రకారం వ్రేలాడుతున్నాయి. చీటీ రంగును బట్టి కొన్నిటికి సగం ధరే. కలవారు, లేనివారు ఒకే వరుసలో నిలబడి కొంటున్నారు. మేమూ జిప్పులు, అస్తరు, చంకల కుట్లు చూచుకొని రెండు దళసరి కోట్లు తీసికొన్నాము.

ఈ పనికి పునాది వేసినది ఒక పాస్టరుగారే. 1902లో బోస్టను నగరంలో మెథడిస్టు సేవకుడు ఎడ్గార్ హెల్మ్స్ కలవారి యిండ్ల నుండి పాత బట్టలు, సామాన్లు సేకరించారు. పనిలేని బీదలచేత బాగుచేయించి, కూలి యిచ్చి, తక్కువ ధరకు అమ్మించారు. బాగుచేసినవారికి పని దొరికింది. కొన్నవారికి తమకు నచ్చినది ఏరుకొనే గౌరవం దక్కింది.

క్రిస్మసు ముందు మన మందిరాలకూ బీదలకని మూటలు వస్తాయి. వాటిలో గుండీలు ఊడిన చొక్కాలు, చిరిగిన చీరలు కూడ ఉంటాయి. పుచ్చుకొనేవారు తలవంచుకొని పుచ్చుకొంటారు. ప్రియులారా, ఈసారి మూట కట్టేముందు ఉతుకుదాము, గుండీలు కుడదాము. మందిరంలో దండెం కట్టి ఆరవేసి, ఎవరికి కావలసినది వారినే ఏరుకోనిద్దాము.