ఉప్పూ బొగ్గూ

మాది హోసూరు. తాతలనాటి నుండీ ఇక్కడే కాపురం. ఇంట్లో తెలుగు, అంగట్లో అరవం. ఒక టైర్ల షాపులో లెక్కలు వ్రాయడం మా ఉద్యోగం. యంత్రాల జోలి మాకు లేదు. అయినా క్రిందటి వేసవిలో ఒక యంత్రమే మా లెక్కను సరిదిద్దింది.

చక్రం బరువు అన్ని వైపులా సమంగా లేకపోతే కారు వేగమందుకోగానే స్టీరింగు వణుకుతుంది. ఆ తేడాను కనిపెట్టేది వీల్ బాలెన్సింగు మిషను. చక్రాన్ని ఇరుసుకు బిగించి తిప్పితే లోపలి సెన్సార్లు అదురును పసిగడతాయి. ఏ చోట ఎన్ని గ్రాముల బిళ్ల వేయాలో అంకెల్లో కనబడుతుంది.

ఒకనాడు ఆ అంకెలకు పిచ్చి పట్టింది. ఒకే చక్రానికి ఒకసారి 15 గ్రాములు, మరుసారి 40, ఇంకోసారి 5! కార్లవాళ్లు తిరిగివచ్చి తగాదా పెట్టారు. మిషను నడిపే కుర్రవాడే పాడుచేశాడని యజమానిగారు తేల్చి, వాడి జీతంలో 1500 రూపాయలు పట్టుకొమ్మన్నారు. మేము పట్టుకొన్నాము.

“అన్నా, మిషను ముట్టుకొంటే జిమ్మంటోంది” అని వాడు వారం ముందే మాతో చెప్పాడు. పని ఎగ్గొట్టడానికి సాకు అనుకొని నవ్వి ఊరుకొన్నాము.

చివరకు ఒక ముసలి వైర్‌మన్ వచ్చాడు. వెంటనే మూత విప్పలేదు. చక్రం కూర్చునే కోను తుడిపించాడు. నేలలోని బోల్టులు బిగించాడు. అదే లైనులో ఉన్న కంప్రెసరును ఆపించాడు. అంకెలు మారుతూనే ఉన్నవి. అప్పుడు ప్లగ్గు దగ్గర టెస్టు బల్బు పెట్టాడు. ఫేజుకూ న్యూట్రలుకూ మధ్య నిండుగా వెలిగింది. ఫేజుకూ ఎర్తుకూ మధ్య మాత్రం మిణుగురులాగా మినుకుమన్నది.

“తంబీ, ఎర్తు గుంతకు నీళ్లు పోసి ఎన్నాళ్లయింది?” అని అరవంలో అడిగాడు.

మా గుండె ఝల్లుమన్నది. ఏటా ఖర్చుల్లో ‘ఎర్తు గుంతకు ఉప్పు, బొగ్గు’ అని ఒక పద్దు ఉండేది. మట్టిలో పోసే ఉప్పుకు డబ్బెందుకని అంతకు ముందు సంవత్సరం దాన్ని కొట్టివేసింది మా కలమే. పొదుపరి అని మెప్పు కూడా పొందాము.

మెయిను ఆపి, గుంత త్రవ్వి, తుప్పు పట్టిన క్లాంపు గీకి బిగించి, ఉప్పూ బొగ్గూ వరుసలుగా వేసి, బిందెలతో నీళ్లు పోశారు. మరునాడు బల్బు నిండుగా వెలిగింది. చక్రాన్ని మూడుసార్లు తిప్పితే మూడుసార్లూ ఒకే అంకె.

“అంకెలు తప్పడమే మీ అదృష్టం. లోపల ఫేజు వైరు తెగి ఇనుముకు తగిలి ఉంటే పిల్లవాడు దక్కేవాడు కాడు” అని చెప్పి ముసలాయన కూలి తీసుకొని వెళ్లాడు.

యజమానిగారికి ఉన్నది ఉన్నట్లు చెప్పాము. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, “ఆ డబ్బు వాడికి ఇచ్చేయండి” అన్నారు. ఇస్తూ, “తప్పు మాదిరా” అన్నాము. “పోనీలే అన్నా” అని వాడు పనిలోకి పోయాడు. ఆ మాట మమ్మల్ని తిట్టుకంటె ఎక్కువ బాధించింది.

ఇప్పుడు ఆ పద్దు మళ్లీ పుస్తకంలో ఉన్నది. వేసవిలో గుంతకు నీళ్లు మేమే పోస్తున్నాము. మీ ఇంట్లో ఫ్రిజ్జో గ్రైండరో ముట్టుకొంటే జిమ్మంటోందని పనిపిల్ల చెబితే నవ్వకండి. స్విచ్చి ఆపి, ఆనాడే వైర్‌మన్‌ను పిలవండి.