దాపులోని దడ

కొత్త రోలర్ కోస్టర్ వస్తోందన్న కబురు పొక్కగానే వాటి వీరాభిమానులు రెండు జట్లుగా చీలిపోతారు. ఒక జట్టు ఎత్తెంత, వేగమెంత, బండి ఎన్నిసార్లు తలకిందులవుతుంది అని లెక్కలు తీస్తుంది. రెండో జట్టుకు లెక్కలతో పనిలేదు. కథ ఏమిటి, అలంకరణ ఎలా ఉంది, బొమ్మలు నిజంగా కదులుతాయా, సినిమా వేసి సరిపెట్టారా అన్నదే దాని పట్టింపు. బయటివాళ్లకు ఇదంతా పనిలేని తగువులా కనిపించవచ్చు. కానీ ఒక పెద్ద రైడ్ కట్టడానికి ఏళ్లు పడుతుంది, కోట్లు ఖర్చవుతాయి, కట్టాక నచ్చలేదని పక్కకు జరపడం కుదరదు. కాబట్టి తగువు పడటంలో తప్పేమీ లేదు. తప్పల్లా తగువు పడే చోటులో ఉంది. లెక్కల జట్టైనా కథల జట్టైనా తూకం వేస్తున్నది పార్కువాళ్లు చూపించినదాన్నే. రైడ్ బతికేది వాళ్లు దాచినదాని మీద. దేన్ని దాచారు, ఎక్కడ దాచారు, ఎంతసేపు దాచి ఏ క్షణంలో బయటపెట్టారు అన్నదే ఆ పనితనానికి అసలు గీటురాయి. ఎత్తు, వేగం, కథ, బొమ్మ అన్నీ ఆ తర్వాతే.

ముందు లెక్కల సంగతి చూద్దాం. 2000 మే నెలలో అమెరికాలోని సీడర్ పాయింట్ పార్కులో మిలీనియం ఫోర్స్ మొదలైంది. ఎత్తు 94 మీటర్లు. ఆగస్టు వచ్చేసరికి జపాన్‌లో స్టీల్ డ్రాగన్ 97 మీటర్లతో దాన్ని దాటేసింది. 2003లో సీడర్ పాయింటే టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్‌తో 128 మీటర్లకు ఎగబాకింది. రెండేళ్లు తిరిగేసరికి న్యూజెర్సీలోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్‌లో కింగ్డా కా లేచింది. 139 మీటర్ల ఎత్తు, గంటకు 206 కిలోమీటర్ల వేగం. 2010లో అబుదాబిలోని ఫార్ములా రోసా 240 కిలోమీటర్లతో వేగం కిరీటాన్ని లాక్కుపోయింది. ఎత్తు కిరీటం మాత్రం కింగ్డా కాకే మిగిలింది, అది 2024లో ఆగిపోయేదాకా. 2025 ఫిబ్రవరి 28న ఆ గోపురాన్ని మందుగుండు పెట్టి కూల్చేశారు. ఈ వరసలో ఇంజనీర్ల ప్రతిభను తక్కువ చేయడానికి ఏమీ లేదు. ఆగి ఉన్న బండిని మూడున్నర సెకన్లలో 206కు చేర్చడం చిన్న విషయం కాదు. కానీ ఆ రైడ్ తన దగ్గరున్నదంతా ముందే చెప్పేసింది. మైళ్ల దూరం నుంచీ కనిపించే ఆ కొండను ఎక్కుతామని, దిగుతామని, అంతటితో అయిపోతుందని క్యూలో నిలబడ్డ ప్రతివాడికీ తెలుసు. అంకె మీద కట్టిన గొప్ప ఇంకో అంకె వచ్చేదాకానే. మూడు నెలలకు వస్తుందా, ఐదేళ్లకు వస్తుందా అన్నదే తేడా.

ఇప్పుడు దానికి పూర్తిగా ఎదురు దారిలో నడిచిన ఒక రైడ్‌ను చూడాలి. ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌లో ఆల్టన్ టవర్స్ పార్కు ఉంది. ఒకనాటి ప్రభువుల మేడ, దాని చుట్టూ తోటలు, ఆ పరిసరాల్లో ఈ పార్కు. చెట్ల తలలు దాటి ఏ కట్టడమూ పైకి లేవకూడదన్నది అక్కడి కట్టుబాటు. పైకి పోయే దారి లేనప్పుడు కిందికి పోవచ్చుగా అనుకున్నాడు జాన్ వార్డ్‌లీ అనే రూపకర్త. రాతినేలను పేల్చి, గొయ్యి తవ్వించి, అందులోంచి పట్టాలు మెలికలు తిప్పాడు. అదే 1994లో మొదలైన నెమసిస్. సీట్లు పట్టాల కింద వేలాడుతుంటాయి, కాళ్లకింద గాలి తప్ప ఏమీ ఉండదు. ఎత్తు సుమారు 13 మీటర్లు, అంటే కింగ్డా కాలో పదో వంతు కూడా కాదు. వేగం గంటకు 80 కిలోమీటర్ల చిల్లర. అంకెల్లో చూస్తే దీన్ని ఎవరూ లెక్కచెయ్యకూడదు. కానీ ఆ గోతి అంచున నిలబడితే ఏ వైపు నుంచీ మొత్తం దారి ఒక్కసారిగా కంటికి అందదు. బండచాటు నుంచి వరసగా కాళ్లు దూసుకొస్తాయి, ఒక కేక వినిపిస్తుంది, అంతలోనే అన్నీ మాయం. అడుగున ఎర్రరంగు కలిపిన నీళ్లు నెత్తురులా పారుతుంటాయి. ఎక్కినవాడికి రాతిగోడ పాదాల పక్కగా పోతుంది, ఆ తర్వాత వచ్చేది గోడో ఖాళీయో తెలియదు. ఇదంతా గత్యంతరం లేక చేసిందే కదా, అనుమతిస్తే వాళ్లూ ఆకాశానికే పోయేవారు అని ఎవరైనా అనవచ్చు. నిజమే కావచ్చు. అది నా వాదానికి అడ్డు కాదు. ఎత్తును లాక్కున్నాక కూడా మిగలగలిగినదేదో అదే ఈ కళకు ప్రాణం, కట్టుబాటు దాన్ని బయటికి లాగిందంతే.

దాపుకు ఇంత బలం ఎక్కడిదో మన ఒంటినే అడగాలి. చెవి లోపల తూకం చూసుకునే అవయవానికి వేగం తెలియదు, వేగంలో వచ్చే మార్పే తెలుస్తుంది. విమానంలో గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతూ నింపాదిగా కాఫీ తాగుతున్నామంటే అందుకే. మలుపు వస్తోందని కళ్లు ముందే చెబితే ఒళ్లు సర్దుకుంటుంది, మెడ బిగుస్తుంది, భుజం ఒరుగుతుంది. ఆ కబురు అందకపోతే చిన్న మలుపు కూడా పెద్ద దెబ్బే. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో 1975లో మొదలైన స్పేస్ మౌంటెన్ నడిచేది ఈ రహస్యం మీదే. దాని గరిష్ఠ వేగం గంటకు 45 కిలోమీటర్లు, ఖాళీ రోడ్డు దొరికిన సిటీ బస్సు వేగం. చీకట్లో నడుస్తుంది కాబట్టి అంతకు రెట్టింపులా అనిపిస్తుంది. ఆల్టన్ టవర్స్‌లోనే 1998లో వచ్చిన ఆబ్లివియన్ ఇంకా పొదుపరి. నేల మీద కనిపించే కట్టడం 20 మీటర్లు, పడేది 55 మీటర్లు. మిగతాది పొగమంచు నిండిన గోతిలో ఉంది. బండి అంచుకొచ్చి, ముందుకు వంగి, రెండు మూడు సెకన్లు అలాగే ఆగుతుంది. ఆ రైడ్ మొత్తం ఆ ఆగడంలోనే ఉంది. పడటం దానికి తోక లాంటిది.

ఇది భయపెట్టే బండ్లకే పరిమితమైన సూత్రం కాదు. కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్‌లో హాంటెడ్ మాన్షన్ అనే దయ్యాల మేడ ఉంది. బయటి భవనం 1963లోనే పూర్తయింది, తలుపులు తెరుచుకున్నది 1969 ఆగస్టులో. మధ్యలో సంస్థవాళ్లంతా న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన పనుల్లో మునిగిపోయారు, 1966 డిసెంబరులో వాల్ట్ డిస్నీ కన్నుమూశాడు, లోపల ఏం పెట్టాలన్న తర్జనభర్జన తెగలేదు. మేడ నవ్వించాలన్నది మార్క్ డేవిస్ పక్షం, గుబులు పుట్టించాలన్నది క్లాడ్ కోట్స్ పక్షం. చివరికి కుదిరిన రాజీ ఆ ఇద్దరి అభిప్రాయాలకన్నా తెలివైనది. మొదటి సగంలో దయ్యం దాదాపు కంటబడదు. ఖాళీ నడవాలు, లోపలి నుంచి ఎవరో నెట్టుతున్నట్టు ఉబ్బే తలుపులు, అంతే. రెండో సగంలో దయ్యాలు విందు చేసుకుంటూ, నాట్యమాడుతూ, పాడుతూ కనబడతాయి. ముందు దాపు, తర్వాత విప్పు. జనం కూర్చునే బుట్టబండి తనంతట తానే అటూ ఇటూ తిరుగుతూ ఎవరు ఎప్పుడు ఎటు చూడాలో నిర్ణయిస్తుంది, వెనక ఉన్న యంత్రాలను చూడనివ్వదు. మొదట్లో గోడలు సాగుతున్నట్టు కనిపించే గది నిజానికి ఒక లిఫ్టు. అసలు ప్రదర్శనశాల పార్కు చుట్టూ వేసిన మట్టికట్టకు అవతల ఉంది. జనాన్ని రైలుపట్టాల కిందుగా అక్కడికి చేర్చాలి. ఆ అవసరాన్నే దాచిపెట్టి వింతగా మార్చారు.

ఇక్కడొక గట్టి అభ్యంతరం వస్తుంది. దాపు ఒక్కసారికే పనికొస్తుంది కదా, రెండోసారి ఎక్కినవాడికి గొయ్యి ఎక్కడుందో, దయ్యం ఎప్పుడొస్తుందో తెలిసిపోయాక మిగిలేది ఎత్తూ వేగమే కదా అని. దీనికి జవాబు మన కూచిపూడి భాగవతుల దగ్గర ఎప్పటి నుంచో ఉంది. భామాకలాపంలో సత్యభామ నేరుగా రంగం మీదికి రాదు. ఇద్దరు తెర పట్టుకుంటారు. తెర వెనక గజ్జెల సడి. ఆ పైన ఆమె తన జడను తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. మనిషి కనబడదు, జడ కనబడుతుంది. వచ్చేది సత్యభామేనని చూసేవాళ్లందరికీ తెలుసు, నిరుడూ చూశారు, అంతకు ముందేడూ చూశారు. అయినా ఆ జడ పడగానే సభ నిటారుగా కూర్చుంటుంది. దాచడం వేరు, తెలియనివ్వకపోవడం వేరు. తెలియకపోవడం ఒక్కసారితో చచ్చిపోతుంది. దాపు అలా కాదు, అది కాలాన్ని బిగబట్టి వదిలే విద్య. ఎప్పుడు బయటపడుతుందో తెలిసినవాడు ఆ క్షణం కోసం ఇంకా ఎక్కువగా కాచుకుంటాడు. హాంటెడ్ మాన్షన్‌లోని ప్రతి గదినీ వరస తప్పకుండా చెప్పగలిగిన అభిమానులు మళ్లీ మళ్లీ అందులోకే వెళ్లడానికి కారణం ఇదే.

రెండో అభ్యంతరం వ్యాపారం వైపు నుంచి వస్తుంది. దాపు గొప్పదే అనుకుందాం, దాచినదాన్ని చూసి టిక్కెట్టు కొనేదెవరు, ఎత్తయిన ఇనుపకొండ కనబడితేనే కదా కారు పార్కు వైపు తిరుగుతుంది అంటారు. ఇందులో నిజం ఉంది. వాల్ట్ డిస్నీ కూడా జనాన్ని లోపలికి లాగడానికి వీధి చివర ఒక కోటను కనబడేలా నిలబెట్టాడు. కానీ ఎత్తు చేసే పని ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మన గుడి కట్టినవాళ్లకు తెలుసు. అన్నిటికన్నా ఎత్తయిన గోపురం వెలుపలి ప్రాకారానికి పెట్టారు. లోపలికి పోయేకొద్దీ కప్పు కిందికి దిగుతుంది, వెలుతురు తగ్గుతుంది, గర్భగుడిలో ఒక్క దీపం మిగులుతుంది. గోపురం పిలుస్తుంది, దర్శనం చీకట్లో జరుగుతుంది. అంకెల మోజులో పడ్డ పార్కు గోపురమొక్కటే కట్టి, గుడి కట్టడం మరిచిపోతోంది.

మూడోది కథల జట్టు నుంచి వచ్చేది. దాపే కావాలంటే బొమ్మల తెరకన్నా ఏముంటుంది, చీకటి గదిలో పెద్ద తెర పెట్టి ఏ లోకమైనా చూపించవచ్చు, ఖర్చూ తక్కువ అని. తెలుగులో తెర అనే ఒక్క మాట రెండు ఎదురు పనులు చేస్తోంది, పొరపాటంతా అక్కడే. నాటకం తెర దాస్తుంది, సినిమా తెర చూపిస్తుంది. సినిమా తెరకు వెనక ఏమీ లేదు, ఆ సంగతి ఒంటికి తెలుసు. తెరలు పనికిరావని కాదు. 2010లో ఓర్లాండోలో వచ్చిన హారీ పాటర్ రైడ్‌లో యంత్రపు చెయ్యి మనిషిని ఒకసారి తెర ముందుకు, ఒకసారి నిజమైన గోడల మధ్యకు తిప్పుతుంది. తెర వదిలాక ఏం తగులుతుందో తెలియకపోవడమే దాని బలం. అదే ఊళ్లో 2018లో వచ్చిన ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్ రైడ్ తెరల మీదే ఆధారపడి అభిమానుల చేత తిట్లు తిన్నది. 2025 మేలో అక్కడే తెరిచిన ఎపిక్ యూనివర్స్‌లో ప్రతి లోకానికీ ఒక ద్వారం పెట్టారు, దాన్ని దాటేదాకా లోపలిది కనబడదు. ఇక ఖర్చు సంగతంటారా, జాతరలో మృత్యుబావి చూడండి. చెక్కలతో కట్టిన బావి, బయటికి ఇంజను మోత ఒక్కటే వినిపిస్తుంది. మెట్లెక్కి అంచున నిలబడితే తప్ప మోటారుసైకిల్ కంటబడదు. పక్కనే జెయింట్ వీల్ ఊరంతటికీ కనబడుతూ తిరుగుతుంటుంది. దాపుకు కావలసింది డబ్బు కాదు, చోటు చూసే కన్ను. బండరాళ్ల గుట్టలతో నిండిన హైదరాబాదు పరిసరాల్లో ఆ చోటుకు కరువు లేదు, రాళ్లను పగలగొట్టి చదును చేశాకే పని మొదలుపెట్టే అలవాటు మానుకుంటే.

ఇంత చెప్పాక అంకెలను చెరిపేయమని నేను అనడం లేదు. బండి కదలాలంటే ఎత్తు కావాలి, వేగం కావాలి. కొత్త రైడ్ ప్రకటన వచ్చినప్పుడు ఎంత ఎత్తు అని అడిగే నోటితోనే ఎక్కడి నుంచి కనబడదు అని కూడా అడగాలంతే. కింగ్డా కా చివరి బండి నడిచిన 2024లోనే నెమసిస్ పాతబడ్డ ఉక్కుపట్టాలు చాలావరకు మార్చుకుని మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. దారి అదే, మలుపులు అవే, ఎత్తు ఒక్క మీటరూ పెంచలేదు. ముప్ఫై ఏళ్ల కింద చెట్ల తలలు దాటకూడదని తవ్విన గొయ్యి మాత్రం మార్చాల్సిన అవసరం లేకుండా అక్కడే ఉంది.