నిలువుగా గానీ, అడ్డంగా గానీ

ప్రాచీన కట్టడాల చట్టంలో 'కట్టడం' అనే మాటకు ఒక నిర్వచనం ఉంది. చట్టం 1958 నాటిది, ఈ నిర్వచనం మాత్రం 2010 సవరణతో వచ్చింది. కొత్తగా లేపేదే కాదు, ఉన్న ఇంటికి నిలువుగా గానీ అడ్డంగా గానీ ఏ చేర్పు చేసినా కట్టడమే. మరమ్మతు కట్టడం కాదు. మురుగు కాలువలు, ప్రజల కోసం కట్టే మరుగుదొడ్లు, ప్రజలకు నీళ్లూ కరెంటూ ఇచ్చే ఏర్పాట్లు, ఇవీ కట్టడాలు కావు. కథల్లోని ఇంటి మీద పిహెచ్.డి. చేసినదాన్ని కాబట్టి ఈ నిర్వచనాన్నీ కథ చదివినట్టే చదివాను. బజార్లో నలుగురి కోసం కట్టే మరుగుదొడ్డి కట్టడం కాదు. మోకాలి చిప్ప మార్పించుకున్న అరవై ఆరేళ్ల మనిషి కోసం ఇంటిని ఆనించి కట్టేది మాత్రం కట్టడమే. ప్రజలు అనే మాటలో మా అమ్మ లేదన్నమాట.

తెలుగులో చదివితే ఇంకో చిక్కు. కాపాడవలసినదాన్నీ కట్టడం అంటాం, ఆపవలసినదాన్నీ కట్టడం అంటాం. మా ఊళ్లో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి.

ఖిలా వరంగల్‌కు చూడ్డానికి వచ్చేవాళ్లు నాలుగు కీర్తి తోరణాల దగ్గర ఫొటోలు దిగి, ఖుష్‌మహల్ చూసి, ఓపికుంటే ఏకశిల గుట్ట ఎక్కి వెళ్లిపోతారు. చుట్టూ ఊరుందని వాళ్లకు గుర్తుండదు. మధ్యకోట, పడమరకోట, తూర్పుకోట అని మేం పిలుచుకునే వాడలు, ఇళ్లు, బడి, కిరాణా కొట్లు, రాతిగోడకూ మట్టిగోడకూ నడుమ పొలాలు. ఆర్టీసీ బస్సు కాకతీయుల దర్వాజలోంచే వచ్చిపోతుంది. 2010 సవరణ ప్రకారం రక్షిత కట్టడం హద్దు నుంచి వంద మీటర్ల దాకా నిషేధిత ప్రాంతం, అక్కణ్నుంచి మరో రెండు వందల మీటర్లు నియంత్రిత ప్రాంతం. వంద మీటర్లలో కొత్త కట్టడం కుదరదు. 1992 జూన్ 16కు ముందే ఉన్న ఇంటికి మాత్రం అనుమతి తీసుకుని మరమ్మతు చేసుకోవచ్చు. మీరితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మా ఇల్లు ఆ వంద మీటర్ల లోపలే ఉంది.

ఈ సవరణకు ముందు 2009లో ఢిల్లీ హైకోర్టులో ఒక కేసు నడిచింది. నిషేధిత ప్రాంతంలో ఒక నిపుణుల కమిటీ సలహా మీద అనుమతులు ఇస్తూ పోవడం చెల్లదని కోర్టు అన్నది. ఢిల్లీ నడిబొడ్డున సమాధుల పక్కన లేచే బహుళ అంతస్తుల సంగతి అది. అక్కడి బిల్డర్‌కు గీసిన గీతే మా వాడలో గూనపెంకుటిళ్ల మీదుగానూ పోయింది. చట్టమే వద్దని నేననను. తోరణాల ఎదురుగా అపార్ట్‌మెంట్లు లేవకపోవడానికి అదొక్కటే కారణమని నాకు తెలుసు. 2021లో రామప్పకు ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చినప్పుడు, అంతకుముందు తాత్కాలిక జాబితాలో రామప్పతో పాటే ఉండిన మా కోట మిగిలిపోయిందని నేనూ నొచ్చుకున్నాను. అయినా ఆ గీత లోపల బతికేది ఎవరు, ఎట్లా అన్నది అడగకుండా ఉండలేను.

పక్కింటి అత్తమ్మకూ మా అమ్మకూ నలభై ఏళ్ల స్నేహం. వరసకు ఏమీ కారు, వదినె అంటే వదినె అనుకున్నారు. ఇద్దరూ కోటలోకి కోడళ్లుగా వచ్చినవాళ్లే. రెండిళ్ల నడుమ ఐదడుగుల సందు ఉంది. ఆ సందు ఎవరిదో ఏ కాగితంలోనూ స్పష్టంగా లేదు. పప్పు ఎండబోసుకునేది, పిల్లలకు నీళ్లు పోసేది, మగవాళ్లు నిద్రపోయాక కూచుని మాట్లాడుకునేది అక్కడే. అది ఆడవాళ్ల సందు అని ఎవరూ అనలేదు గానీ మగవాళ్లు అటు వచ్చింది నేనెప్పుడూ చూడలేదు.

2017లో అత్తమ్మ కొడుకు పెళ్లి కుదిరి, స్లాబ్ మీద రేకుల గది వేశారు. అనుమతి ఊసెవరూ ఎత్తలేదు. రేకుల మీది వాన నీళ్లు మా వాకిట్లోకి దూకేవి. అమ్మ చూరు కింద బకెట్ పెట్టుకుంది, అంతే. 2021లో అమ్మ మోకాలి ఆపరేషన్ అయ్యాక, సందులో ఆరడుగుల బాత్రూం కడదామనుకున్నాం. అప్పటిదాకా మా మరుగుదొడ్డి పెరడు చివర ఉండేది, చీకట్లో మూడు మెట్లు దిగి పోవాలి. ముందరి సంవత్సరమే రాష్ట్రంలో కొత్త భవన అనుమతుల చట్టం వచ్చింది. డెబ్బయ్ అయిదు గజాల లోపు జాగాకు రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలని ఊరంతా చెప్పుకున్నారు. ఆ రూపాయి కోటగోడ దాటి లోపలికి రాదని మేస్త్రీకీ తెలియదు, మా అన్నకూ తెలియదు. పునాది తవ్వి నాలుగు వరసల ఇటుక పెట్టేసరికి అత్తమ్మ వంటింటి కిటికీ సగం మూసుకుపోయింది.

"గోడ పెడితె నా వంటింట్లకు ఎల్తురెట్లొస్తది వదినె?"

"నీ రేకుల నీళ్లు నాలుగేండ్ల సంది నా వాకిట్ల పడ్తున్నయి, నేనేమన్నా అన్ననా?"

"అనకపోతివి. ఇప్పుడంటున్నవ్ గదా!"

ఇద్దరి మాటా న్యాయమే. మరుగుదొడ్డి లేని మనిషికీ, వెలుతురు లేని వంటింట్లో రోజుకు ఆరు గంటలు నిలబడే మనిషికీ మధ్య తగువు తీర్చాలంటే ఎవరి పక్షాన మాట్లాడతాం? ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే వాళ్లే ఏదో ఒకటి అనుకునేవారు. నలభై ఏళ్లలో ఎన్ని తగువులు అట్లా తీరలేదు! గోడ ఎత్తు తగ్గించడమో, కిటికీ అటు మార్చడమో, ఒక వారం మాటలు మానేసి ఎనిమిదో రోజు కూర గిన్నె పంపడమో. కానీ ఈసారి మగవాళ్లకు ఒక కొత్త ఆయుధం దొరికింది. అత్తమ్మ కొడుకు ఫిర్యాదు రాసిచ్చాడు. ఆఫీసు నుంచి మనుషులొచ్చి పని ఆపించారు. పట్టుదలకు పోయి మా అన్న వాళ్ల రేకుల గది మీద ఫిర్యాదు పెట్టాడు. పది రోజుల తేడాతో రెండిళ్లకూ నోటీసులు వచ్చాయి. ఐదడుగుల సందు తగువు కాస్తా ఒక్కో ఇంటికీ ప్రభుత్వానికీ మధ్య కేసయింది. చట్టానికి కిటికీ పట్టదు, చూరు నీళ్లూ పట్టవు. తోరణానికి ఇల్లెంత దూరంలో ఉందన్నదే దానికి కావాలి.

నోటీసులు చూసి అమ్మకు నవ్వు వచ్చింది. మాది 2001లో చనిపోయిన మా తాత పేరు మీద, వాళ్లది చనిపోయిన మామయ్య పేరు మీద. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోతుంది. ఇక్కడ ఇద్దరికీ పేర్లు బాగానే గుర్తున్నాయి, రాసే చోటే ఏ కాగితంలోనూ లేదు. ఇంటి పన్ను, కరెంటు బిల్లు, నల్లా కనెక్షన్ అన్నింట్లోనూ పోయినవాళ్లే బతికి ఉన్నారు. మరమ్మతుకైనా దరఖాస్తు చేసుకోవలసింది ఇంటి యజమాని. యజమాని ఎవరు? ఇల్లు 1992కు ముందే ఉందని రుజువేమిటి? నేను 1988లో ఆ ఇంట్లోనే పుట్టాను. అమ్మ పురిటి నొప్పులు ఆ చిన్నర్రలోనే పడింది, బొడ్డు కోసిన మంత్రసాని పేరు కూడా చెప్తుంది. అదేదీ రుజువు కింద చెల్లదు. పాత ఇంటి పన్ను రసీదులు ట్రంకు పెట్టె అడుగున దొరికాయి. చెదలు పట్టకుండా వేపాకు వేసి దాచింది అమ్మే.

ఇక్కడ రుద్రమదేవి గురించి చెప్పాలి. మా వాడలో ప్రతి ఆడపిల్లకూ బళ్లో ఆమె కథ చెప్పి, ధైర్యంగా ఉండమంటారు. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతిగోడను ఆమె ఇరవై అడుగుల దాకా ఎత్తించిందని, దాని అవతల మట్టికోట కట్టించి నూటయాభై అడుగుల వెడల్పున కందకం తవ్వించిందని చరిత్రకారులు రాశారు. అంటే ఉన్న కట్టడానికి నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి చేర్పు చేసింది. అమ్మకు ఈ సంగతి చెప్తే "ఆమెను అడిగినోడెవ్వడు" అన్నది. అడిగినవాళ్లు లేరని కాదు. ఆడమనిషి కింద మేం కొలువు చేయమని తిరగబడ్డ సామంతుల కథలున్నాయి. క్రీ.శ. 1262 నుంచి 1289 దాకా ఏలిన ఆ మనిషిని శాసనాలు రుద్రదేవ మహారాజు అని మగపేరుతోనే పిలిచాయి. ఏడు వందల ఏళ్ల కిందటి రాతిమీదా అంతే, మా ఇంటి పన్ను రసీదు మీదా అంతే.

యజమాని ఎవరో తేలాలి కాబట్టి తాత వారసులందరూ కలవాల్సి వచ్చింది. మేనత్తలిద్దరూ వచ్చారు. అన్న తయారు చేయించిన హక్కు విడుదల పత్రం మీద సంతకాలు పెట్టారు. వాళ్లకు చీరె, పసుపు కుంకుమలు పెట్టి పంపించాం. నలభై ఏళ్లుగా ఆ ఇంటికి వచ్చి పోతున్న ఆడబిడ్డలు, ఒక్కపూట భోజనం చేసి, ఇంట్లో ఉన్న హక్కు వదులుకుని, "తమ్ముని పిల్లలు సల్లగుండాలె" అని దీవించి బస్సెక్కారు. పెద్ద మేనత్త చీరె మడత విప్పకుండానే సంచిలో పెట్టుకుంది. ఆ మడత నాకు బాగా గుర్తుండిపోయింది.

మూడో పత్రం నా కోసం. 1985లో మన రాష్ట్రం, 2005లో దేశమంతటా ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చిన చట్టాల గురించి నేను సెమినార్లలో మాట్లాడినదాన్ని. "అమ్మ బాత్రూం కోసమే గదా, ఒక్క పేరుంటే పని జల్ది అయితది" అన్నాడు అన్న. మాటలో మోసమేమీ లేదు, నిజంగానే అట్లా అనుకున్నాడు. కానీ అమ్మ మోకాలినీ నా వాటానూ ఒకే కాగితం మీద పెట్టి అడిగితే కాదన్న ఆడపిల్ల రాక్షసి అవుతుంది. ఆస్తి అనే మాట రాకుండానే ఆస్తి చేతులు మారే దారి ఇది. నేను సంతకం పెట్టలేదు. దరఖాస్తు అమ్మ పేరున వేద్దాం, అన్నా నేనూ అభ్యంతరం లేదని మాత్రం రాసిద్దాం అన్నాను. అన్న మూడు నెలలు నాతో మాట్లాడలేదు. వదిన మాట్లాడింది, వంటింట్లో, గొంతు తగ్గించి. తన పుట్టింట్లో తానేం సంతకం పెట్టిందో అప్పుడే నాకు మొదటిసారి చెప్పింది.

ఈలోగా ఆఫీసులో హాజరు కావలసిన రోజు వచ్చింది. ఇద్దరు కొడుకులకూ ఆ రోజు పనుంది. అమ్మా అత్తమ్మా ఒకే ఆటోలో పోయారు, కిరాయి చెరి సగం. వచ్చేటప్పుడు మాట్లాడుకుంటూ వచ్చారు. దారి చూపింది అత్తమ్మే. "బయటికి జరిగితెనే గదా కట్టుడు? లోపటికి జరుగు వదినె." నిర్వచనాన్ని అంత తేలిగ్గా నేను చదవలేకపోయాను. ఉన్న గోడల లోపలే చిన్నర్రను బాత్రూంగా మార్చుకోవడానికి మరమ్మతు కింద దరఖాస్తు వేశాం. పదకొండు నెలలకు అనుమతి వచ్చింది. సందులో లేచిన నాలుగు వరసల ఇటుక అమ్మే దగ్గరుండి తీయించింది. అత్తమ్మ కిటికీకి వెలుతురు వచ్చింది.

అందరూ సంతోషించారు కాబట్టి ఎవరూ అనని సంగతి ఒకటుంది. చిన్నర్ర అమ్మది. ఆమె కుట్టుమిషను అక్కడే ఉండేది. నా కాలేజీ ఫీజులు ఆ మిషను మీదే కుట్టింది. తలుపేసుకుంటే ఎవరూ పిలవని గది ఇంట్లో అదొక్కటే. హాల్లో టీవీ ఉన్న మూల గురించి గానీ, అన్న కంప్యూటర్ గది గురించి గానీ ఎవరికీ ఆలోచన రాలేదు. నిజం చెప్పాలంటే అమ్మకూ రాలేదు. లోపలికి జరగమంటే ముందుగా ఎవరి జాగా జరుగుతుందో ఇంట్లో అందరికీ చెప్పకుండానే తెలుసు. ఇప్పుడు మిషను హాల్లో ఉంది. చప్పుడవుతుందని అన్న పిల్లలు విసుక్కుంటారు. మధ్యాహ్నం వాళ్లు బడికి పోయాక కుడుతుంది.

అత్తమ్మ రేకుల గది సంగతి తేలలేదు. పోయిన నెల మళ్లీ నోటీసు వచ్చింది, ఈసారి బతికున్నవాళ్ల పేరు రాసి జవాబివ్వమని. ఇన్నాళ్లూ ఇల్లు తన పేరు మీదికి మార్పించుకుంటానన్న కొడుకు, జైలు అనే మాట చదివాక ఆలోచన మార్చుకున్నాడు. "నీ పేరు రాయే అమ్మా, ముసల్దాన్ని ఏంజేస్తరు" అన్నాడట. అత్తమ్మ ఆ కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. చట్టం చదివి చెప్పమంది. చదివాను. రెండేళ్లు, లక్ష, రెండూ. విని కాసేపు ఊరుకుని అడిగింది: "అర్ర నా పేరు మీద రాస్తె, రేపు నన్ను ఎల్లగొట్టరాదు గదా బిడ్డా? జైలైతే చూస్కుందాం."

ఏం చెప్పాలో నాకు తోచలేదు. అమ్మ మిషను ఆపకుండానే అన్నది: "అర్రల పండేటోడు పెట్టాలె సంతకం. వాణ్ని పిలువు."

కాగితం ఇంకా మా ఇంట్లోనే ఉంది, మిషను సొరుగులో, పేరు రాయకుండా.