మిరుదొడ్డి వానలు – చెట్టుకప్ప

సిద్దిపేట జిల్లాలోని మిరుదొడ్డి మెట్టసీమ. 2016వ సంవత్సరమునకు ముందిది మెదకు జిల్లాలో నుండెను. కూడవెల్లి వాగును, చెరువులును, కుంటలును వానలకు నిండినప్పుడే యీ సీమకు కళ.

వానలు జాగుచేసినచో తెలంగాణ పల్లెలలో పిల్లలు రోకలికి కప్పను గట్టి, వేపమండలతో నలంకరించి, యింటింటికిని త్రిప్పుట యాచారము. గృహిణులు దానిపై నీళ్లు గ్రుమ్మరించి, పిల్లలకు ధాన్యము నిత్తురు. దీనికి కప్పతల్లి యాట యని పేరు. వానను పిలుచు పనిని మన పెద్దలు కప్పకే యొప్పగించిరి.

తొలకరి పడగానే స్నానపుగది గోడమీదను, నీళ్లతొట్టి ప్రక్కను కానవచ్చు సన్నని గోధుమవన్నె కప్పను సోదరీమణులెఱుగుదురు. అదియే చెట్టుకప్ప. వెల్లవేసిన గోడల నంటియుండుటచే దొరలు దీనిని సున్నపుకప్ప యనిరి. 1830లో గ్రే యను నాంగ్లేయుడు దీనిని శాస్త్రమున కెక్కించెను. వ్రేళ్ల చివరనున్న గుండ్రని బిళ్లలవలన నిది నున్నని గోడనైన నెక్కగలదు. ఆడుకప్ప నీటికి పైగానున్న కొమ్మనో గోడనో యాశ్రయించి, తన శరీరమునుండి వెడలు ద్రవమును వెనుకకాళ్లతో మజ్జిగవలె చిలికి, నురుగుగూడు కట్టి, యందు గ్రుడ్లు పెట్టును. గూటి పైపొర యెండి లోపలి తేమను కాపాడును. కొలది దినములకు తోకపిల్లలు క్రిందినీటిలో రాలును. నీరు లేకున్న నా సంతానము నశించును.

ఇట్టి జీవులకు కీడు మూడిన నేమగునో పనామా దేశపు కథ తెలుపును. అచ్చటి కొండయడవులలో రాబ్ చెట్టుకప్ప యను జాతి యుండెను. తండ్రికప్ప చెట్టుతొఱ్ఱలోని నీటిలో పిల్లలను కాచుచు, తన చర్మపు పొరలనే వానికి మేతగా నిచ్చెడిది. 2006 ప్రాంతమున నొక బూజుతెగులు ఆ కొండలకు సోకెను. శాస్త్రజ్ఞులా జాతికి పేరుపెట్టినది 2008లో. ఎఱిగినంతవఱకు కడపటిదైన మగకప్ప అమెరికాలోని అట్లాంటా వృక్షోద్యానమున 2016 సెప్టెంబరు 26వ తేదీన మరణించెను. పేరుపెట్టిన యెనిమిదేండ్లకే జాతి కనుమఱుగయ్యెను.

మన గోడమీది కప్ప కంతటి యాపద యింకను రాలేదు. అయినను కప్ప చర్మముతోనే నీటిని పీల్చును గావున, ఫినాయిలును పురుగుమందులును కలిసిన నీరు దానికి విషము. కుంటలను పూడ్చినచో దాని పిల్లలకు నెలవుండదు. ఇది మనకు కీడుచేయదు. ఇంటిలోని పురుగులను తిని మేలే చేయును. కావున దానిని చీపురుతో కొట్టకుడు. భయమైనచో చెంబుతో మూసి పట్టి, పెరటిచెట్టు నీడను విడువుడు. తొట్టిపై నురుగుగూడు కానవచ్చినచో కొన్నాళ్లు కడిగివేయక యుంచి, రాలిన పిల్లలను దగ్గఱి కుంటలో వదలుడు. పిల్లలచేత నీ పని చేయించినచో, జీవకారుణ్యము వారికి వేఱుగా బోధింప నక్కఱలేదు.