చక్రాల మీద వంటిల్లు

కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటే అని మనకో సామెత ఉంది. అందులో దారి కష్టాల భయం ఎంత ఉందో, ప్రయాణమన్నది జీవితంలో చివరాఖరి పని అన్న నమ్మకమూ అంతే ఉంది. బాధ్యతలన్నీ తీరాకే ఊరు దాటాలి. ఆడవాళ్ళకి ఆ బాధ్యతలు ఎప్పటికీ తీరవు కాబట్టి వాళ్ళ ప్రయాణం వాయిదా పడుతూనే ఉంటుంది. మా అమ్మ తరంలో మధ్యతరగతి స్త్రీలు చేసిన దూర ప్రయాణాలు రాసి చూస్తే పుట్టింటికి పురిటికి, కూతురి పురిటికి, తీర్థయాత్రకి, ఆసుపత్రికి. అంతకుమించి పెద్దగా ఉండవు. ఇప్పుడా జాబితాలో అమెరికా చేరింది. చాలామందికి అదీ కూతురి పురుడు కోసమే.

ఏ పనీ పెట్టుకోకుండా, ఎవరికీ సేవ చేయకుండా, వయసు మళ్ళిన స్త్రీ ఊరికే తిరగడం సాధ్యమా? స్త్రీల యాత్రారచనల మీద పరిశోధన చేస్తున్నన్నాళ్ళూ నన్ను వేధించిన ప్రశ్న ఇది. 2023 జనవరిలో డాలస్‌లో ఉన్న మా పిన్ని, బాబాయిలతో కలిసి వాళ్ళ మోటార్ హోమ్‌లో మూడు వారాలు తిరిగినప్పుడు ఈ ప్రశ్నకి కొన్ని జవాబులు దొరికాయి. అవి అంత సూటి జవాబులు కావు.

అమెరికాలో ఉద్యోగం నుంచి రిటైరైన దంపతులు చాలామంది కనే కల ఈ చక్రాల ఇల్లు. బస్సంత ఉండేవాటిని క్లాస్ ఎ అనీ, వ్యానునే ఇల్లుగా మార్చినవాటిని క్లాస్ బి అనీ, ట్రక్కు ముందుభాగం తగిలించుకున్న గదిలా ఉండేవాటిని క్లాస్ సి అనీ అంటారు. పిన్నివాళ్ళు 2021లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది ఈ మూడో రకం. పొడవు పాతికడుగులు. డ్రైవర్ తల మీద అటకలాంటి పడక, వెనక ఒక మంచం, మధ్యలో గ్యాస్ పొయ్యి, సింకు, ఫ్రిజ్, నిలబడితే మోచేతులు గోడలకి తగిలే బాత్రూము. నలభై గ్యాలన్ల మంచినీళ్ళు. గ్యాలన్ పెట్రోలుకి ఎనిమిది తొమ్మిది మైళ్ళకి మించి నడవదు. పిన్ని మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వవు కాబట్టి అటక నాకిచ్చారు.

పాతికడుగుల ఇంట్లో కూడా గడప ఉంటుందని రెండో రోజుకే తెలిసింది. బండి నడపడం, నేల ఎత్తుపల్లాలు చూసి చక్రాల కింద చెక్కలు పెట్టడం, కరెంటు తీగ, నీళ్ళ గొట్టం తగిలించడం, మురుగు ఖాళీ చేయడం బాబాయి పనులు. వండటం, తుడవటం, సర్దటం, దారిలో దొర్లిపోకుండా డబ్బాలకి కట్లు కట్టడం, బాబాయి మందులు టైముకి గుర్తుచేయడం పిన్ని పనులు. బాబాయి పని బండి ఆగిన గంటకి అయిపోతుంది. అప్పుడాయన కుర్చీ బయట వేసుకుని సూర్యాస్తమయం చూస్తాడు. పిన్ని పని అప్పుడే మొదలవుతుంది. పోపులో ఎండుమిరపకాయ వేయగానే పొగ అలారం కుయ్యోమంటుంది. పిన్ని ఒక చేత్తో గరిట తిప్పుతూ ఇంకో చేత్తో తువ్వాలు విసురుతూ ఉంటే, కిటికీలోంచి ఆ సూర్యాస్తమయం నాకూ సగమే కనబడేది.

హోటల్‌లో దిగితే కనీసం ఆ నాలుగు రోజులైనా ఆడది పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు. ఈ బండి ఆ కాస్త సెలవు కూడా లేకుండా చేసింది. విమల గారి ‘వంటిల్లు’ కవిత మీద ఎన్నోసార్లు పాఠం చెప్పినదాన్ని, వంటిల్లే చక్రాలు కట్టుకుని వెంట పరిగెత్తడం ఇక్కడే చూశాను. ఆ మాటే పిన్నితో అన్నాను. ఆవిడ నవ్వి, “నువ్వన్నది నిజమే గానీ, ఇంకో సంగతి కూడా రాసుకోవే. యాభై ఏళ్ళనుంచి ప్రయాణమంటే నేను చేసే మొదటి పని నీళ్ళు తాగడం మానేయడం. ఇదిగో, ఈ బండెక్కాక కడుపునిండా నీళ్ళు తాగి ప్రయాణం చేస్తున్నాను” అంది.

ఇది చిన్న విషయం కాదు. బస్టాండుల్లో, రైళ్ళలో, బంధువుల పెళ్ళిళ్ళలో మనమంతా చేసేదదే. నోరు ఎండినా గుక్కెడు నీళ్ళు తాగం. వయసు పైబడి, నలుగురిని కని, మూత్రం ఆపుకోలేని స్థితికొచ్చిన ఆడవాళ్ళు ఎంతోమంది ఆ ఒక్క కారణంగానే గుమ్మం దాటడం మానేస్తారు. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పరు. కాళ్ళనొప్పులనో, మీరెళ్ళి రండనో అంటారు. తన మరుగుదొడ్డిని తనతో తీసుకుపోవడమన్నది పిన్నికి దొరికిన మొదటి స్వేచ్ఛ. దాన్ని వంటింటి బరువుతో పాటే తూచాలి.

మోటార్ హోమ్ గురించిన సాహిత్యంలో ఈ తూకం అంతగా కనబడదు. జాన్ స్టైన్‌బెక్ 1960లో, 58 ఏళ్ళ వయసులో, ట్రక్కు మీద కట్టించుకున్న ఇంటిలో కుక్కని వెంటబెట్టుకుని అమెరికా చుట్టొచ్చి 1962లో పుస్తకం రాశాడు. బండికి డాన్ కిహోటే గుర్రం పేరు పెట్టుకున్నాడు. ముసలితనానికి లొంగనన్న మగవాడి సాహసయాత్ర అది. ఆ పుస్తకంలో భార్య దారిలో ఒకటిరెండు చోట్ల మాత్రమే కనిపిస్తుంది. 2017లో జెస్సికా బ్రూడర్ ‘నోమాడ్‌లాండ్’ రాసేసరికి రోడ్డు మీద వేరే మనుషులు కనిపించారు. 2008 ఆర్థిక మాంద్యం తర్వాత అద్దెలు కట్టలేక వ్యాన్లలోకి మారి, క్యాంపు మైదానాల్లో మరుగుదొడ్లు కడిగి, గోదాముల్లో రాత్రి షిఫ్టులు చేసే అరవైలు దాటినవాళ్ళు. ఆ పుస్తకానికి కేంద్రం లిండా మే అనే స్త్రీ. దాన్ని సినిమాగా తీసిన క్లోయీ ఝావోకి 2021లో ఉత్తమ దర్శకత్వానికి ఆస్కార్ వచ్చింది. రోడ్డు సరదాగా ఎక్కినవాళ్ళూ, గతిలేక ఎక్కినవాళ్ళూ ఒకే మైదానంలో పక్కపక్కనే బండ్లు ఆపుకుంటారు. అది నేను కళ్ళారా చూసింది క్వార్ట్‌సైట్‌లో.

డాలస్ నుంచి ఎల్ పాసో, లాస్ క్రూసెస్, టూసాన్‌ల మీదుగా అరిజోనాలోని క్వార్ట్‌సైట్‌కి దాదాపు 1,200 మైళ్ళు. ఐ-10 రహదారి మీద గాలి పక్కనుంచి కొడితే బండి పడవలా ఊగుతుంది. న్యూమెక్సికోలో లార్డ్స్‌బర్గ్ దగ్గర దుమ్ము తుపానులొస్తాయని దారిపొడుగునా హెచ్చరిక బోర్డులుంటాయి. ఆ ఎండిపోయిన చెరువు నేల దాటుతున్నంతసేపూ పిన్ని ముందుసీటు అంచుని పట్టుకునే ఉంది. ఆవిడ భయం గాలి గురించి కాదు. బాబాయికి అంతకు ముందు ఏడాదే గ్లకోమా బయటపడింది. పక్కచూపు తగ్గుతోంది. చుక్కలమందు వేసుకుంటూ పగటిపూట నడపొచ్చన్నారు డాక్టర్లు. లాస్ క్రూసెస్ దాటాక ఒక పెట్రోలు బంకులో మలుపు తిప్పుతుంటే బండి వెనకభాగం ఇనుప స్తంభాన్ని రాసుకుపోయింది. బాబాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పిన్ని “నేను నడపనా?” అంది. డాలస్‌లో పాతికేళ్ళుగా కారు నడుపుతున్న మనిషి ఆవిడ. “ఇది కారు కాదు, నీ వల్ల కాదు” అన్నాడాయన.

2020 జనాభా లెక్కల్లో రెండున్నరవేల మందైనా లేని ఊరు క్వార్ట్‌సైట్. చలికాలంలో మాత్రం చుట్టూ ఎడారి మొత్తం బండ్లే. ఊరి దక్షిణాన లా పోసా అనే ప్రభుత్వ భూమి ఉంది. మేం వెళ్ళినప్పుడు అక్కడ సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా ఏడు నెలలు ఉండటానికి రుసుము 180 డాలర్లు. పద్నాలుగు రోజులకైతే నలభై. కరెంటు, నీళ్ళ కనెక్షన్లు ఉండవు. లక్షల డాలర్ల బస్సుల పక్కనే, కిటికీలకి అట్టముక్కలు కట్టిన పాత వ్యాన్లు. వాటిలో ఒంటరి స్త్రీలు చాలామంది.

మా పక్కన దిగిన 73 ఏళ్ళావిడ భర్త పోయి ఆరేళ్ళు. పదకొండేళ్ళు ఇద్దరూ కలిసి తిరిగినా, ఆయన పోయిన రోజు ఆ బండికి సంబంధించి తనకి తెలిసిన పని టీ పెట్టడమొక్కటే అని చెప్పింది. భర్త పోవడమే కాదు, ఇల్లు కూడా ఉన్నచోట కదలకుండా ఆగిపోయింది. తర్వాత ఒక్కొక్కటీ నేర్చుకుంది. ఇలాంటివాళ్ళ కోసమే 1991లో ‘ఆర్వీయింగ్ విమెన్’ అన్న సంస్థ స్త్రీలే పెట్టుకున్నారు. మర్నాడు ఆవిడే పిన్నికి చేతితొడుగులిచ్చి మురుగు ఖాళీ చేసే చోటికి తీసుకెళ్ళింది. ముందు మరుగుదొడ్డి ట్యాంకు వాల్వు తెరవాలి, అది ఖాళీ అయ్యాకే స్నానం, సింకు నీళ్ళ ట్యాంకు. ఆ సబ్బునీళ్ళు గొట్టాన్ని కడుగుతాయి. “ఇంతేనా? దీనికా రెండేళ్ళనుంచి నన్ను దూరంగా ఉండమంటున్నారు!” అంది పిన్ని తెలుగులో. ముక్కు మూసుకోవాల్సిన పని నేర్చుకుని అంత సంబరపడిన మనిషిని నేను చూడలేదు.

ఆ రాత్రి పిన్ని తన పెన్షన్ లెక్క చెప్పింది. అమెరికాలో సోషల్ సెక్యూరిటీని ఎక్కువ సంపాదించిన 35 ఏళ్ళని తీసుకుని లెక్కగడతారు. అన్నేళ్ళు లేకపోతే మిగతావి సున్నాలే. పిన్ని 1992లో భర్త మీద ఆధారపడిన హెచ్-4 వీసాతో వెళ్ళింది. అప్పట్లో ఆ వీసామీద ఉద్యోగం చేయడానికి వీల్లేదు. గ్రీన్‌కార్డు వచ్చి 1999లో ఒక స్కూలు ఆఫీసులో చేరి 2021లో రిటైరైంది. ఇరవైరెండేళ్ళ జీతం, పదమూడు సున్నాలు. గుంటూరులో చేసిన టీచరుద్యోగం ఆ లెక్కలోకి రాదు. భర్త పెన్షన్‌లో సగం దాకా భార్యగా అడగొచ్చుగానీ, అది భార్యగా వచ్చేదే. ఇద్దరు పిల్లల్ని పెంచిన, ఇల్లు నిలబెట్టిన ఏళ్ళకి ప్రభుత్వం పెట్టిన విలువ సున్నా అని కాగితం మీద చూసినప్పుడు ‘ఇల్లలకగానే’ కథలో పేరు మర్చిపోయిన ఇల్లాలు గుర్తొచ్చిందని పిన్ని అంది. సత్యవతి గారి ఆ కథ ఆవిడకి ఇచ్చింది నేనే.

ఈ లెక్క ఎందుకు తీసిందంటే, డాలస్ ఇల్లు అమ్మేసి పూర్తిగా బండిలోనే ఉందామని బాబాయి పట్టు. టెక్సాస్‌లోనే ఉత్తరాలు అందుకుని పంపే సంస్థ చిరునామా పెట్టుకుని అలా బతికేవాళ్ళు వేలల్లో ఉన్నారు. ఇంటిపన్ను ఉండదు, పచ్చిక కోయక్కర్లేదు. పిన్ని ఒప్పుకోలేదు. టెక్సాస్ చట్టం ప్రకారం కాపురముంటున్న ఇంటిని అమ్మాలంటే భార్యాభర్తలిద్దరి సంతకం కావాలి. “మా నాన్న ఇల్లు అన్నయ్యది, అత్తగారిల్లు మరిదిది. కాగితం మీద నా పేరున్న ఇల్లు ఇదొక్కటే. బండి ఏటేటా ధర పడిపోతుంది. మీ కన్ను రేపెలా ఉంటుందో తెలీదు. నడపలేని బండి నాకు ఇల్లెలా అవుతుందండీ?” అని బాబాయిని అడిగింది. ఆరోగ్య బీమా సంగతీ ఉంది. మెడికేర్ నేరుగా అయితే దేశమంతా చెల్లుతుందిగానీ, వాళ్ళు తీసుకున్న ప్రైవేటు పథకం మామూలు వైద్యానికి డాలస్ చుట్టుపక్కల డాక్టర్లకే పరిమితం. బాబాయి దగ్గర జవాబు లేదు. ఆయనది దుర్మార్గం కాదు. కళ్ళు ఉండగానే దేశమంతా చూసేయాలన్న ఆత్రం. ఆ ఆత్రం ఖరీదు ఎవరి ఇల్లో ఆలోచించలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు నాలుగు రోజులు ఎడారిలోని ఖాళీ నేల మీద పిన్ని బండి నేర్చుకుంది. పక్కావిడ కింద నిలబడి చేతులతో సైగలు చేస్తే వెనక్కి నడిపేది. మలుపులో వెనకభాగం ఎంత బయటికి ఊగుతుందో చూడటానికి ఖాళీ నీళ్ళ డబ్బాలు వరసగా పెట్టుకున్నారు. మొదటిరోజు మూడు పడ్డాయి. ఎల్ పాసో దాటాక విశాలమైన రోడ్డు మీద పిన్ని స్టీరింగ్ పట్టుకుంది. పక్కసీట్లో బాబాయి లేని బ్రేకుని తొక్కుతూనే ఉన్నాడు. ఆ సాయంత్రం ఆయనే ఉప్మా చేశాడు. ఉండలు కట్టింది. అలారం కూడా మోగింది. పిన్ని లేవలేదు, కుర్చీ బయట వేసుకుని నీళ్ళు తాగుతూ కూర్చుంది.

వాళ్ళిప్పటికీ ఇల్లు అమ్మలేదు. ఏడాదికి రెండు నెలలు బండి తీస్తారు, ఎక్కువగా పిన్నే నడుపుతుంది. వంట ఇంకా చాలావరకు ఆవిడదే. ఆ గీత అంత తేలిగ్గా చెరగలేదు. మోకాళ్ళు మొండికేసిన రోజు బండి అమ్మేస్తానని ముందే చెప్పేసింది. తిరగలేని వయసొచ్చిన బండివాళ్ళ కోసం టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఎస్కేపీస్ అనే క్లబ్బు ఒక ఏర్పాటు చేసింది. ఎవరి బండిలో వాళ్ళుంటే భోజనం, బట్టలుతకడం, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం వాళ్ళు చూస్తారు. పిన్ని దాని వివరాలు కూడా రాసిపెట్టుకుంది. ఎక్కడం ఎంత ముఖ్యమో దిగడం ఎలాగో తెలిసుండటమూ అంతే ముఖ్యమంటుంది.

వృద్ధాప్యంలో స్త్రీకి ప్రయాణం కావాలంటే ధైర్యం, డబ్బు మాత్రమే చాలవు. మరుగుదొడ్డి కావాలి, తన పేరున ఇల్లు కావాలి, తాళంచెవి చేతికొచ్చినప్పుడు నడపగల నేర్పు కావాలి, వండిపెట్టే ఇంకో మనిషి కావాలి. ఇవేవీ అమెరికాకి ప్రత్యేకం కాదు. ఈ కబుర్లన్నీ గుంటూరు వచ్చి అమ్మకి చెప్తే, డెబ్భై ఏళ్ళ అమ్మ అంతా విని రెండే అడిగింది. “బాత్రూము శుభ్రంగా ఉంటుందా?” అని ఒకటి. “వంటెవరు చేస్తారే?” అని రెండోది. మొదటిదానికి ఉంటుందని చెప్పాను. రెండోదానికి ఆవిడకి నచ్చే జవాబు పిన్ని ఇంట్లో ఇంకా తయారవుతోంది.