ములాఖత్‌కు వెళ్ళని అన్న



ఈ వారం మీ ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. పోయిన ఏడాది సెప్టెంబరులో లండన్ వెళ్ళినప్పుడు నేను ఒక రాత్రి బారుకు వెళ్ళాను. తాగలేదు గాని వెళ్ళాను. తిరిగి వచ్చాక సంఘంలో లండన్ కబుర్లు చాలా చెప్పాను. థేమ్స్ నది గురించి చెప్పాను, స్పర్జన్ గారి మెట్రోపాలిటన్ టాబర్నకిల్ చూసిన సంగతి చెప్పాను. ఇది మాత్రం చెప్పలేదు. నేను నిజంగా దాచింది బారు సంగతి కాదు, దాని వెనకాల ఉన్న ఇంకో సంగతి. అందుకే రెండూ కలిపి రాస్తున్నాను.

మా అక్క కొడుకు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. వాడి బిడ్డను ప్రభువుకు ప్రతిష్ఠించి ప్రార్థన చేయాలని టికెట్టు కొని నన్ను పిలిపించుకున్నాడు. ఒక శుక్రవారం వాడూ, వాడి ఆఫీసు స్నేహితులూ కలిసి ఎక్కడికో వెళ్ళాలని ముందే డబ్బు కట్టుకున్నారు. వాళ్ళలో ఒకతనికి జ్వరం వచ్చింది. కట్టిన డబ్బు తిరిగి రాదు.

"మామయ్యా, ఆ చోటులో మీరు రండి. అది బారే గాని నాటకంలాగా ఉంటుంది. మీరు తాగనక్కర్లేదు" అన్నాడు.

"ఏం నాటకంరా?"

"జైలు నాటకం. మనమే ఖైదీలం."

బారు అనగానే వద్దనాలి. జైలు అన్నాక ఎందుకో వద్దనలేకపోయాను.

తూర్పు లండన్‌లో బ్రిక్ లేన్ అని ఒక వీధి ఉంది. బంగ్లాదేశ్ వాళ్ళ హోటళ్ళు వరుసగా ఉంటాయి. వీధి పేరు కూడా ఇంగ్లీషుతో పాటు బెంగాలీలో రాసి ఉంటుంది. దారిలో మా అల్లుడు ఒక పాత ఇటుకల భవనం చూపించాడు. ఫ్రాన్సులో హింస తప్పించుకొని వచ్చిన ప్రొటెస్టంటు విశ్వాసులు 1743లో కట్టుకున్న ప్రార్థనా మందిరం అది. తర్వాత మెథడిస్టుల మందిరమైంది, ఆ తర్వాత యూదుల సమాజమందిరమైంది, 1976 నుండి మసీదుగా ఉంది. దేశం విడిచి వచ్చినవాళ్ళు ఎంతమంది ఆ గోడల మధ్య కన్నీళ్ళు విడిచారో అనుకుంటూ నడిచాను.

మేము వెళ్ళిన చోటు ఆ వీధిలోనే ఉత్తరపు కొసన ఉంది. పేరు ఆల్కోట్రాజ్. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర సముద్రం మధ్య ఆల్కట్రాజ్ అనే దీవి ఉంది. 1934 నుండి 1963 వరకు ప్రభుత్వం అక్కడ పేరుమోసిన జైలు నడిపింది. దొంగసారా వ్యాపారంలో పెరిగిన ఆల్ కపోన్ అనే ముఠా నాయకుణ్ణి ఉంచింది కూడా అక్కడే. ఆ జైలు పేరునూ ఆల్కహాలునూ కలిపి ఈ బారుకు పెట్టారు. 2017లో తెరిచారు.

లోపలికి వెళ్ళగానే అందరికీ నారింజ రంగు ఖైదీ దుస్తులు ఇస్తారు. మన బట్టల మీదనే తొడుక్కోవాలి. ఎవరి మద్యం సీసా వాళ్ళే తెచ్చుకోవాలి. దాన్ని ఒంటి మీద ఎక్కడో దాచి, వార్డెన్ వేషంలో ఉన్న నటుడి కళ్ళు కప్పి లోపలికి చేర్చాలి. లోపల ఖైదీ వేషం వేసుకున్న ఇంకో నటుడు దాన్ని గుట్టుగా తీసుకొని, పళ్ళ రసాలూ షర్బతులూ కలిపి కాక్‌టెయిల్ చేసి తెచ్చిస్తాడు. కూర్చునే గదులు ఇనుప కడ్డీల సెల్లులు. ఆట మొత్తం రెండు గంటల లోపే.

మా అల్లుడు నా కోసం అల్లం రసం సీసా ఒకటి తెచ్చాడు.

"ఇది కూడా దాచాల్సిందేనా?" అన్నాను.

"దాచకపోతే ఆట ఏముంది మామయ్యా!"

నారింజ దుస్తుల లోపల, నడుము దగ్గర పెట్టుకున్నాను. గాజు చల్లగా పక్కటెముకలకు తగిలింది. ఉన్నట్టుండి నా చేతులు వణికాయి.

వార్డెన్ నా ముందుకు వచ్చి ఆగాడు. "నీ నేరం ఏమిటి?" అని అరిచాడు. నా ఇంగ్లీషు అంతంతమాత్రం. నోరు పెగల్లేదు. మా అల్లుడు నవ్వు ఆపుకుంటూ "ఈయన పాస్టర్ అండీ" అని చెప్పాడు. "అయితే అందరికంటే ముందు ఇతన్ని కనిపెట్టి ఉండండి" అన్నాడు వార్డెన్. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. కాని వెనకాల సెల్లు తలుపు పడింది. నాటకం జైలైనా ఇనుము ఇనుమే కదా. ఆ చప్పుడుకు నా నవ్వు ఆగిపోయింది.

ప్రియులారా, ఇప్పుడు అసలు సంగతి.

మీలో పెద్దవాళ్ళకు గుర్తుంటుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా మీద తిరగబడ్డారు. ఆ పోరాటం ఊరూరా పాకింది. మా అమ్మ కూడా చీపురుకట్ట పట్టుకొని మా ఊరి సారా దుకాణం ముందు బైఠాయించింది. మా నాన్నను సారాయే తినేసింది, అందుకే అమ్మకు అంత కోపం. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో రామారావు గారి ప్రభుత్వం మద్యనిషేధం పెట్టింది. ఆ ఆదివారం మా అమ్మ కృతజ్ఞత కానుకగా గుడికి కోడిపెట్టను తెచ్చి ఇచ్చింది.

నిషేధం వెనకాలే దొంగసారా వచ్చింది. అమెరికాలో 1920 నుండి 1933 వరకు ఉన్న నిషేధంలో జరిగిందే మన దగ్గరా జరిగింది. తోటల వెనక బెల్లం ఊట పులిసేది. కాసిన సారాను సైకిలు ట్యూబుల్లో నింపి, నడుముకు చుట్టుకొని, పైన చొక్కా వేసుకొని ఊళ్ళు దాటించేవారు. 1996లో అలా దాటిస్తూ ఎక్సైజు వాళ్ళకు దొరికిపోయినవాళ్ళలో ఒకడు నా సొంత తమ్ముడు. పంతొమ్మిదేళ్ళ పిల్లవాడు. సబ్ జైల్లో నలభై ఒక్క రోజులు రిమాండులో ఉన్నాడు.

నేను అప్పుడు బైబిలు కాలేజీలో రెండో సంవత్సరం. సబ్ జైలుకు బస్సులో మూడు గంటల ప్రయాణం. చీపురు పట్టుకొని సారా మీద పోరాడిన మా అమ్మే ములాఖత్ ఉన్న ప్రతిసారీ అన్నం మూట కట్టుకొని వెళ్ళి గేటు ముందు నిలబడింది. నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. పరీక్షలున్నాయని చెప్పాను. పరీక్షలు ఉన్నమాట నిజమే. కాని కారణం అది కాదు. రేపో మాపో పాస్టర్ కావలసినవాణ్ణి, సారా కేసు ఖైదీని చూడడానికి వరుసలో నిలబడితే ఎవరైనా చూస్తారేమోనని సిగ్గుపడ్డాను. ఒక ఉత్తరం రాసి ఊరుకున్నాను.

ఆ తర్వాత పాతికేళ్ళకు పైగా సేవలో ఉన్నాను. చెరసాలలో ఉన్నవారిని దర్శించాలని ఎన్ని ప్రసంగాలు చేశానో లెక్కలేదు. యోసేపు చెరసాల, పేతురు చెరసాల, ఫిలిప్పీలో పౌలు సీలల చెరసాల అన్నీ కళ్ళకు కట్టినట్టు చెప్పాను. మా తమ్ముడు మగవాళ్ళ వైపు మూడో వరుసలో కూర్చొని అవన్నీ విన్నాడు. ఆ నలభై ఒక్క రోజుల గురించి మేమిద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

లండన్‌లో ఆ సెల్లులో కూర్చుంటే ఇదంతా గుర్తుకొచ్చింది. నా అల్లం రసంలో నిమ్మకాయా ఇంకేదో తీపీ కలిపి మగ్గులో పోసి తెచ్చిచ్చారు. రుచిగానే ఉంది. గొంతు దిగలేదు. వాడి నడుముకు ఆ ట్యూబు ఎంత బిగుసుకొని ఉండిందో, ఎక్సైజు జీపు ఆగినప్పుడు వాడి గుండె ఎలా కొట్టుకుందో అన్నదే నా ఆలోచన.

అక్కడికి వచ్చిన పిల్లలను నేను తప్పుపట్టను. వారమంతా కష్టపడి కాసేపు నవ్వుకుందామని వచ్చినవాళ్ళు. నటులు కూడా వాళ్ళ పని చక్కగా చేశారు. అయితే ఒకటి గమనించాను. అక్కడి నవ్వులన్నీ ఒక్క నమ్మకం మీద నిలబడి ఉన్నాయి. కాసేపట్లో తలుపు తెరుచుకుంటుందని అందరికీ తెలుసు. సీసాతో దొరికిపోయినా ఎవరికీ ఏమీ కాదని తెలుసు. బయట మనవాళ్ళున్నారని తెలుసు. ఆ నమ్మకం తీసేస్తే అవే కడ్డీల వెనక ఎవరూ నవ్వలేరు. నా తమ్ముడికి తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు. అన్న వస్తాడో రాడో కూడా తెలియదు.

టైము అయిపోయింది. నారింజ దుస్తులు విప్పి ఇచ్చేసి బయటికి వచ్చాం. ఇంటికి చేరేసరికి రాత్రి పదకొండున్నర. మన దగ్గర తెల్లవారుజామున నాలుగు. మా తమ్ముడు పాలు పితకడానికి ఆ వేళకే లేస్తాడు. ఫోన్ చేశాను.

"అన్నయ్యా, ఏమైంది? ఒంట్లో బాగుందా?" అన్నాడు కంగారుగా.

"బాగానే ఉన్నాను. ఒరేయ్, నువ్వు సబ్ జైల్లో ఉన్నప్పుడు నేను రాలేదు."

అవతల చాలాసేపు మాట లేదు. గేదె మెడలో గొలుసు చప్పుడు వినబడింది.

"ములాఖత్ రోజుకు ఉతికిన చొక్కా ఒకటి విడిగా దాచి పెట్టుకునేవాణ్ణి" అన్నాడు. "అమ్మ వస్తే ఒంటి మీదున్న దానితోనే వెళ్ళేవాణ్ణి. అది నువ్వొస్తే వేసుకుందామని."

నాకు మాట రాలేదు.

"నీ ఉత్తరం అందిందిలే. వచనాలు తొమ్మిది రాశావు. అక్కడ పనేముంది, లెక్కపెట్టాను. అన్నం తిన్నావా అని మాత్రం లేదు." కాసేపు ఆగి, "దూడ లాగేస్తోంది, ఉంటాను" అని పెట్టేశాడు.

ఊరికి వచ్చిన రోజే వాళ్ళ ఇంటి అరుగు మీద కూర్చొని తమ్ముణ్ణి క్షమించమని అడిగాను. "ఇప్పుడు ఆ సంగతులెందుకు అన్నయ్యా" అన్నాడు. మరదలు టీ తెచ్చింది, తాగాం. క్షమించానని వాడు అనలేదు. అనిపించుకునే హక్కు నాకుందని నేనూ అనుకోలేదు.

తిమోతికి రాసిన రెండో పత్రికలో పౌలు ఒనేసిఫోరు అనే ఆయనను ప్రేమతో తలచుకుంటాడు. ఆయన రోమాకు వచ్చి, ఖైదీగా ఉన్న పౌలు ఎక్కడున్నాడో వెదికి వెదికి కనుక్కున్నాడు. ఖైదీ కోసం వచ్చానని చెప్పుకోవడానికి సిగ్గుపడలేదు. ఆయన చేసిన ప్రసంగం ఒక్కటీ మన చేతికి రాలేదు. వెదుక్కుంటూ వెళ్ళాడన్నదే మిగిలింది. ఆ భాగం మీద ఎన్నోసార్లు వాక్యం చెప్పిన నేను, మూడు గంటల బస్సు దూరంలో ఉన్న తమ్ముణ్ణి వెదకలేదు.

ఈ మధ్య మా పక్క పేట కుర్రవాడు నాటుసారా కేసులో రిమాండుకు వెళ్ళాడు. నేను సబ్ జైలుకు బయలుదేరుతుంటే మా తమ్ముడు తనంతట తానే వచ్చి బండి ఎక్కాడు. దారిలో బట్టల కొట్టు దగ్గర ఆపమని ఒక చొక్కా కొన్నాడు. గేటు దగ్గర నేను బైబిలు చేతిలోకి తీసుకుంటుంటే నా మోచెయ్యి పట్టుకొని, "అది తర్వాత అన్నయ్యా. ముందు అన్నం తిన్నావా అని అడుగు" అన్నాడు.

అడిగాను. ఆ కుర్రవాడు తల వంచుకొని చాలాసేపు ఏడ్చాడు. ఆ రోజు బైబిలు తెరవడం కుదరలేదు. తిరిగి వచ్చేటప్పుడు మా తమ్ముడు, "వచ్చే వారం కూడా వద్దాం" అన్నాడు.

ఇది రాయవచ్చా అని వాణ్ణి అడిగే రాశాను. "పేరు వేయకు" అన్నాడు. వేయలేదు.

ప్రియులారా, మీ ఇంట్లో కూడా పేరెత్తని మనిషి ఒకరు ఉండవచ్చు. జైలుకు వెళ్ళినవాడు కావచ్చు, అప్పులపాలై ఊరు విడిచినవాడు కావచ్చు, తాగుడు మానలేనివాడు కావచ్చు. మనం సిగ్గుతో వెళ్ళకుండా ఉంటే, అవతల ఒకరు మన కోసం చొక్కా మడతపెట్టి ఎదురుచూస్తూ ఉంటారు. ఆలస్యమైందని ఆగిపోవద్దు. ఆలస్యంగానైనా వెళ్ళండి. వెళ్ళి ముందు అన్నం సంగతి అడగండి.

ప్రార్థన: తండ్రీ, సిగ్గుతో మేము వెళ్ళకుండా మానుకున్న గుమ్మాలు నీకు తెలుసు. మేము రాకపోయినా నీవు ఆ కడ్డీల లోపలికి వెళ్ళావు, అందుకు నీకు స్తోత్రం. ఈ వారం ఒక్క గుమ్మానికైనా మమ్మును నడిపించు. మా నోటికి ఉపదేశం కంటే ముందు పలకరింపు నేర్పించు. యేసు నామంలో అడుగుతున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో మీ సహోదరుడు.